వెలుగే థర్మామీటరు!

జ్వరమొస్తే నాలుక కింద థర్మామీటరు పెట్టి చూస్తాం. మరి సూర్యుడి నడిబొడ్డుని మించిన వేడిని కొలవాలంటే? ఏ పరికరాన్ని పెట్టినా ఆవిరైపోతుంది. కాలిఫోర్నియాలోని లివర్‌మోర్‌లో ఉన్న నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీ శాస్త్రవేత్తలకు ఎదురైన చిక్కు ఇదే.

అక్కడ 192 లేజర్ కిరణాలను వేలెడంత కూడా లేని ఓ లోహపు గొట్టంలోకి పంపుతారు. దాని గోడల నుంచి పుట్టే ఎక్స్‌రేల ధాటికి, లోపలున్న మిరియపు గింజంత గోళీ ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. అందులోని హైడ్రోజన్ ఇంధనం ప్లాస్మాగా మారుతుంది. అంటే, పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయిన సలసల కాగే ముద్ద అన్నమాట. అది నిలిచేది సెకనులో వందకోట్లో వంతు కూడా కాదు!

అయితే, ఆ కాస్త సమయంలోనే ప్లాస్మా తన గుట్టు తానే చెప్పేస్తుంది... ఎక్స్‌రేల రూపంలో. వాటిని ప్రత్యేక స్ఫటికంతో విడదీస్తే ఇంద్రధనుస్సు రంగుల్లా వరుసగా పరచుకుంటాయి. అదే వర్ణపటం. అందులో ఎక్కువ శక్తి ఉన్న ఎక్స్‌రేల వాటా పెరిగేకొద్దీ వేడి ఎక్కువని అర్థం. మధ్యలో మెరిసే గీతలు అక్కడ ఏ మూలకం ఉందో చెబుతాయి. గీత వెడల్పుని బట్టి ప్లాస్మా ఎంత చిక్కగా ఉందో లెక్కగడతారు.

గుంటూరులోనూ చదివారు!

వెలుగుని ఇలా చదవడం కొత్తేమీ కాదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వేళ ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, మన గుంటూరు నుంచే సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును విడదీసి చూశారు. ఆ గీతలను బట్టే అవి మండే వాయువులని గుర్తించారు. గీతలకీ వేడికీ ఉన్న లంకెను 1920లో సమీకరణంగా అందించింది మన మేఘనాథ్ సాహా.

దొంగను పట్టించిన గీతలు

లివర్‌మోర్‌లో 2010 తర్వాత కొన్నేళ్లపాటు ప్రయోగాలు ఆశించిన ఫలితం ఇవ్వలేదు. అప్పట్లో గోళీ ప్లాస్టిక్ పెంకులో కొద్దిగా జెర్మేనియం ఉండేది. తీరా చూస్తే, ఇంధనం నడిమధ్య నుంచి వచ్చిన ఎక్స్‌రేల్లో జెర్మేనియం గీతలు కనిపించాయి! పెంకు పదార్థం లోపలికి జొరబడిందన్నమాట. అది ఎంతో కాదు, గ్రాములో కోట్ల వంతుల్లోనే. కానీ ఆ మాత్రానికే చిల్లుకుండలో నీళ్లలా వేడి బయటికి కారిపోతుంది. వైఫల్యానికున్న కారణాల్లో ఇదొకటని తేలింది.

ఆ తర్వాత ఇంధనం నింపే గొట్టాన్ని మరింత సన్నం చేశారు, పెంకులోని లోపాలను తగ్గించారు. మరికొన్ని మార్పులూ తోడై 2022 డిసెంబరు 5న కల ఫలించింది. 2.05 మెగాజౌళ్ల లేజర్ శక్తిని పంపితే 3.15 మెగాజౌళ్లు వెనక్కి వచ్చాయి. కాకపోతే ఆ లేజర్లను వెలిగించడానికే దాదాపు 300 మెగాజౌళ్ల కరెంటు ఖర్చయింది. కాబట్టి ఈ శక్తితో మన ఇంట్లో బల్బు వెలగాలంటే శాస్త్రవేత్తలు ఇంకా ఎన్నో గీతలు చదవాల్సిందే!