సేఫ్టీ వేసిన తుపాకి

మేడ్చల్ ద్రాక్ష అంటే ఒకప్పుడు జంటనగరాలలో వేరే పరిచయం అక్కరలేదు. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపట్ల ఎటు చూసినా ద్రాక్ష పందిళ్ళే. అనాబ్-ఏ-షాహీ గుత్తులు పందిరి కిందికి వేలాడుతుంటే, వాటి కింద తల వంచుకుని నడవవలసి వచ్చేది. ఇప్పుడా పందిళ్ళు చాలావరకు పోయాయి. వాటి జాగాలో ప్లాట్ల హద్దురాళ్ళు వెలిశాయి. రెండు వూళ్ళ పక్కనుంచీ అవుటర్ రింగురోడ్డు సాగిపోతున్నది.

మా మేనమామకు మేడ్చల్ దగ్గర నాలుగెకరాల ద్రాక్ష తోట వుండేది. కాయ తీపెక్కే రోజులు వచ్చాయంటే ఆయనకు కంటిమీద కునుకు వుండేది కాదు. పగలు చిలకలు, గోరింకలు, రాత్రి నక్కలు. డబ్బాలు వాయించే కుర్రవాళ్ళూ, వడిసెల తిప్పే ముసలివాడూ వున్నా, వాళ్ళందరికీ పైన మామ దగ్గర లైసెన్సు వున్న పన్నెండు బోరు జంటగొట్టాల తుపాకి ఒకటి వుండేది. గాలిలోకి ఒక్కసారి పేలిస్తే చిలకల గుంపు మళ్ళీ సాయంత్రందాకా అటు తొంగిచూసేది కాదు.

అది 1990వ సంవత్సరం, మార్చి నెల. నాకు పదేళ్ళు. ఒంటిపూట బడులు పెట్టారు గనుక, ఆదివారం కలిసి వచ్చేటట్లు అమ్మ నన్ను మామ ఇంటికి పంపింది. పొద్దుగూకే వేళ మామ తోటనుంచి వచ్చి, తుపాకిని వసారాలో గోడకు ఆనించి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. రాత్రి మళ్ళీ కావలికి పోవాలి గదా అని తూటాలు తియ్యలేదు. నేనూ, మామ కొడుకూ (నాకంటె మూడేళ్ళు పెద్ద, వరసకు బావ) అక్కడే కూర్చుని అష్టాచెమ్మా ఆడుతున్నాము. ఎండకు ఆరబెట్టిన గోనెసంచులను అత్త లోపలికి లాగుతూ వుంటే, ఒక సంచి కొస తుపాకి మడమకు తగిలింది. తుపాకి జారి షాబాదు బండలమీద దబ్బున పడింది.

ఆ మోతను నేను నేటికీ మరవలేదు. ఇల్లంతా పొగ. చెవుల్లో గింగురుమనే రొద. ఆ రొద కాస్త సద్దుమణిగాక బావ కేక వినిపించింది. ఎడమకాలి మడమమీద అరచేతంత మేర చర్మమూ కండా లేచిపోయింది. గొట్టం మూతి మరొక జానెడు పైకి తిరిగి వుంటే ఏమయ్యేదో ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

మామ తడికాళ్ళతో పరుగెత్తుకు వచ్చాడు. కొడుకును ఒళ్ళోకి తీసుకుని, వణికే గొంతుతో అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు: “సేఫ్టీ ఏసిన్నే! నా చేతులతోటి నేనే ఏసిన!”

“పిల్లలున్న ఇంట్ల గీ పీడ వద్దని ఎన్నిసార్లు మొత్తుకున్న!” అని అత్త తల బాదుకున్నది.

పోలీసులు వచ్చి తుపాకిని చూస్తే మామ మాట నిజమేనని తేలింది. సేఫ్టీ వేసే వున్నది. అయినా తుపాకి పేలింది!

మిస్త్రీ చెప్పిన మాట

బావకు నగరంలో రెండు నెలలు వైద్యం జరిగింది. ఆ గొడవలన్నీ సద్దుమణిగాక, మామ తన మనసులో ముల్లులా గుచ్చుకుంటున్న ప్రశ్నను పట్టుకుని, తుపాకులు బాగుచేసే ఒక ముసలి మిస్త్రీ దగ్గరకు వెళ్ళాడు. నేనూ వెంట వున్నాను. ఆయన తుపాకి కడుపు విప్పి, భూతద్దంతో చూసి, తెలుగూ ఉర్దూ కలిపిన మాటలలో ఇట్లా అన్నాడు: “పటేలా, మీరు తాళం లబ్‌లబీకి ఏసిండ్రు. ఘోడాకు కాదు.”

లబ్‌లబీ అంటే మనం నొక్కే మీట. ఘోడా అంటే గుర్రం, అనగా తూటాను కొట్టే సుత్తి. ఆనాడు అర్థం కాని ఆ మాటను తరవాత పెద్దయ్యాక పుస్తకాలు చూసి, తెలిసినవారిని అడిగి, పూర్తిగా తెలుసుకున్నాను. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి యీ తుపాకుల గొడవ ఎందుకని మిత్రులు నవ్వుతారు. బావ కుంటినడక చూసినవారు నవ్వరు.

ఇప్పటి జంటగొట్టాల తుపాకులలో గుర్రాలు సాధారణంగా బయటికి కనిపించవు. తూటాలు పెట్టడానికి తుపాకిని మధ్యకు విరిచినప్పుడే లోపలి గుర్రాలు రెండూ వెనక్కు వంగి, ఒక్కొక్కటీ ఒక చిన్న కొక్కేనికి తగులుకుని నిలబడిపోతాయి. వాటి వెనుక బలమైన స్ప్రింగు వుంటుంది. మీట నొక్కితే కొక్కెం గుర్రానికున్న గంటులోనుంచి తప్పుకుంటుంది. గుర్రం ఒక్క దూకు దూకి తూటా అడుగున వున్న మందుటోపీని కొడుతుంది. అంటే తూటాలు పెట్టి మూసిన తుపాకి ఎప్పుడూ గుర్రం ఎక్కి కూర్చున్న తుపాకే అన్నమాట.

తుపాకి మెడమీద బొటనవ్రేలికి అందేటట్లు వుండే జారుడు గుండీయే సేఫ్టీ. మామూలు తుపాకులలో చాలావాటిలో యీ గుండీ మీట కదలకుండా మాత్రమే ఆపుతుంది. కొక్కేన్ని గానీ గుర్రాన్ని గానీ అది పట్టుకోదు. ఏళ్ళ తరబడి వాడి వాడి గంటు అంచు అరిగిపోతే, మడమ నేలకు గట్టిగా తగిలిన అదురుకే కొక్కెం జారిపోవచ్చును. అప్పుడు మీటతో పని లేకుండానే గుర్రం పడుతుంది. మామ తుపాకిలో జరిగింది సరిగ్గా ఇదే. తలుపుకు గొళ్ళెం పెట్టాం గదా అని నిశ్చింతగా పడుకుంటే, తలుపు బందులే వూడివచ్చినట్లు!

ఖరీదైన తుపాకులలో దీనికి విరుగుడుగా రెండవ కొక్కెం ఒకటి అమరుస్తారు. మీట నొక్కకుండా గుర్రం జారితే, అది సగం దారిలో పట్టి ఆపుతుంది. మీట నొక్కినప్పుడు మాత్రమే యీ రెండవ కొక్కెం దారి వదులుతుంది.

ప్రతి కట్టుదిట్టం వెనుకా ఒక ప్రమాదం

తుపాకి అన్న మాటే మనకు తురుష్క భాషనుంచి వచ్చింది. మాటతోపాటు భయమూ వచ్చింది. భయంతోపాటు దానికి కట్టుదిట్టాలు చెయ్యవలసిన అవసరమూ వచ్చింది.

తెలంగాణలో వెనుకటి తరంవారు ఎరిగిన తుపాకి భరమారు. 1946 నుంచి 1951 వరకు సాగిన రైతాంగ పోరాటంలో పల్లెజనం చేతికి వచ్చిన ఆయుధాలలో అదీ ఒకటి. గొట్టం మూతినుంచి మందూ గుండూ కూరి, వెనుక చిన్న టోపీ పెట్టి పేల్చేవారు. దానికి వున్న కట్టుదిట్టమల్లా గుర్రాన్ని సగం ఎత్తులో నిలిపే ఒక గంటు. ఆ గంటు అరిగితే అదురుకే పేలేది. గుర్రాన్ని పూర్తిగా దించి టోపీమీదనే ఆనిస్తే, గుర్రం నెత్తిన పడిన చిన్న దెబ్బకు కూడా పేలేది. ఎత్తినా భయమే, దించినా భయమే.

పాతకాలపు రివాల్వర్లకూ యిదే జబ్బు. గుర్రం ముక్కున వున్న సూది సరాసరి తూటా టోపీమీద ఆని వుండేది. అందుకని అమెరికాలో తెలిసినవారు ఆరు గదులలో అయిదింటనే తూటాలు పెట్టి, గుర్రం కింది గదిని ఖాళీగా వదిలేవారు. డబ్బు ఖర్చు లేని సేఫ్టీ అది! తరవాత గుర్రానికీ తూటాకూ మధ్య ఉక్కు అడ్డుపలక పెట్టిన రివాల్వర్లు వచ్చాయి. కాని 1944లో అమెరికా నౌకాదళపు ఓడమీద స్మిత్ అండ్ వెసన్ వారి రివాల్వరు ఒకటి ఉక్కు అంతస్తుమీద పడి పేలి, ఒక నావికుడు మరణించాడు. దానిలో అప్పటికే అడ్డుపలక వున్నది. అది సమయానికి పనిచెయ్యలేదు. ఆ తరవాతనే కంపెనీవారు మరింత నమ్మకమైన అడ్డుపలకను తయారుచేశారు.

1973లో రూగర్ కంపెనీవారు తమ రివాల్వర్లలో వేరొక ఉపాయం అమర్చారు. ఆ ఉపాయం అంతకుముందే వున్నదైనా, వారు దానిని బాగా ప్రచారంలోకి తెచ్చారు. సుత్తి మేకును ఎంత కొట్టినా అందకుండా మధ్య వ్రేలెడు ఎడం వున్నదనుకోండి. ఎవరైనా ఒక ఇనుపముక్కను ఆ సందులో పట్టుకుంటేనే దెబ్బ మేకుకు చేరుతుంది. ఇక్కడ ఆ ఇనుపముక్కను సందులోకి లేపేది మీట. మీటను చివరిదాకా నొక్కి పట్టకపోతే ముక్క పైకి రాదు. గుర్రం పడినా దెబ్బ సూదికి చేరదు.

మన పోలీసులు చాలాకాలం వాడిన .303 రైఫిలు సంగతి చూడండి. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినంనాడు దానికి వీడ్కోలు చెప్పారు. దాని ఎడమపక్కన వున్న చిన్న మీటను వెనక్కు తిప్పితే, తూటాను పొడిచే సూది వెనుకనున్న దిమ్మెనే అది పట్టివేస్తుంది. గుర్రానికే తాళం వేసినట్లు! కాని ఆ తాళం తనంతట తాను పడదు. మనిషి గుర్తుంచుకుని వెయ్యాలి. 1982లో ఆస్ట్రియా సైన్యం స్వీకరించిన గ్లాక్ పిస్తోలులో యీ గుర్తుంచుకునే పని కూడా లేదు. వ్రేలు మీటమీద సరిగ్గా పడనంతసేపూ లోపల సూదికి అడ్డు వుంటుంది. కాని వ్రేలో, చొక్కా కొసో మీటలో ఇరుక్కుంటే దానిని ఆపే గుండీ వేరే లేదు. చూశారా, ఒక దారి మూస్తే మరొక దారి తెరిచే వుంటుంది.

చట్టం చెప్పేదేమిటి?

మన దేశంలో ఆయుధాల చట్టం 1959 నాటిది. 2016 నాటి నియమాల ప్రకారం లైసెన్సు కోరేవారు తుపాకిని జాగ్రత్తగా వాడే శిక్షణ పొందాలి. ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటూ చూపాలి. 2019లో చట్టాన్ని సవరించి, ఒక మనిషికి మూడు తుపాకులు వుండవచ్చునన్నదానిని రెండుకు తగ్గించారు. పెళ్ళిళ్ళలో, వేడుకలలో వుత్సాహంకొద్దీ ఇతరులకు ప్రమాదం కలిగేటట్లు కాల్చేవారికి రెండేళ్ళదాకా జైలుగానీ, లక్ష రూపాయలదాకా జరిమానాగానీ, రెండూగానీ పడవచ్చును. కాని ఏ చట్టమూ మా మామ వసారాలోకి వచ్చి తూటాలు తియ్యలేదు. ఆ పని ఇంటి యజమానే చెయ్యాలి.

చెరువుకట్టమీద

మొన్న దసరాకు బావ కుటుంబమంతా మాతో కలిసి శామీర్‌పేట చెరువుకట్టకు వచ్చింది. బావ కొడుకు కేంద్ర పారిశ్రామిక భద్రతా దళంలో సబ్ ఇన్‌స్పెక్టరు. శామీర్‌పేటకు వచ్చే దారిలో హకీంపేటలో వున్న జాతీయ పారిశ్రామిక భద్రతా అకాడమీలోనే శిక్షణ పొందాడు. కొడుకు ఆ వుద్యోగానికి దరఖాస్తు పెట్టిననాడు బావ రెండు రోజులు అన్నం తినలేదు. ఆ సంగతి మా అందరికీ తెలుసు. అయినా కొడుకును నోరు తెరిచి అడిగింది ఆనాడే.

“ఏం రా బిడ్డా, నీ తుపాకికి సేఫ్టీ మంచిగ ఉంటదా?”

కుర్రవాడు తండ్రి మడమవంక ఒకసారి చూశాడు. “ఉంటది నాయినా. గని దాన్ని నమ్మి కూసోవద్దు. డ్యూటీ దిగంగనే మూతి మట్టిదిక్కు పెట్టి, తూటాలు తీసి, లోపల కండ్లతోటి చూసి, వేలు పెట్టి తడిమి, అప్పుడు అప్పజెప్తం. పడుకున్న మనిషినైనా లేపి అడుగు, ఇదే చెప్త.”

బావ మాట్లాడలేదు. చెరువువైపు తిరిగి కాసేపు నిలబడ్డాడు. తరవాత కొడుకు భుజంమీద చెయ్యి వేసుకుని కట్ట దిగాడు. కుంటినడకకు ఆ భుజం బాగానే ఆసరా అయింది.

నాకు మామ గుర్తుకు వచ్చాడు. ఆయన ఆ తుపాకిని మళ్ళీ గడప లోపలికి రానివ్వలేదు. లైసెన్సుతో సహా అప్పగించేశాడు. ఆ తరవాత రెండు పంటలు చిలకలు తినిపోయినా డబ్బాలతోనే కాపలా కాశాడు. చివరిదాకా ఆయనను బాధించింది తాను అజాగ్రత్తగా వున్నానన్నది కాదు, జాగ్రత్తపడ్డాననే అనుకున్నానన్నది.

సేఫ్టీ మంచిదే, వుండవలసిందే. అరిగిందా లేదా అని తెలిసినవారిచేత ఏటేటా చూపించుకోవలసిందే. కాని అది రెండో తాళం. మొదటి తాళం ఖాళీ తుపాకి. తూటాలు ఒక పెట్టెలో, తుపాకి మరొక పెట్టెలో, తాళంచెవులు పెద్దవారి మొలతాటికి. మూతి ఎప్పుడూ మనిషివైపు కాకుండా. ఖాళీదే అని ఎవరు చెప్పినా, మన కళ్ళతో చూసేదాకా నిండిందే అనుకోవాలి. జాతరలో బుడగలు కొట్టే గాలితుపాకి పట్టుకున్న పిల్లవాడికి మొదట నేర్పవలసిందీ యీ మాటే. గురి చూడడం తరవాత నేర్పవచ్చును.