పెద్ద అంబర్‌పేట్ గాలికి ఒక లెక్క

విజయవాడ నుంచి వచ్చే 65వ జాతీయ రహదారి పెద్ద అంబర్‌పేట్ దగ్గర హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డును కలుస్తుంది. సంక్రాంతికి ఊళ్లకు బయలుదేరే కార్లు, సిమెంటు లారీలు, బాటసింగారం పండ్ల మార్కెట్టుకు వెళ్లే బండ్లు అన్నీ ఈ దారినే. ఆ మార్కెట్టు ఒకప్పుడు దిల్‌సుఖ్‌నగర్ పక్కన గడ్డిఅన్నారంలో ఉండేది. అది తరలిపోయాక లారీలూ దాని వెంటే ఇటు మళ్లాయి.

మరి ఇక్కడి గాలి ఎలా ఉంది? కాలుష్య నియంత్రణ మండలి నిరంతరం గాలిని కొలిచే కేంద్రాల్లో ఎల్బీ నగర్ వైపువారికి దగ్గరగా ఉన్నది న్యూ మలక్‌పేటలోది. అక్కడి అంకెను పదిహేను కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఈ కూడలికి అంటగట్టలేం. అలాగని ప్రతి కాలనీకీ ఒక కేంద్రం పెట్టలేరు, ఒక్కోదానికి కోటి రూపాయల పైమాటే.

రెండు మూడు వేలకు దొరికే సెన్సర్ విలువ ఇక్కడే తెలుస్తుంది. చిన్న ఫ్యాను గాలిని లోపలికి లాగుతుంది, లేజర్ వెలుగు ధూళి కణాల మీద పడి చెదురుతుంది, ఆ చెదిరిన వెలుగును బట్టి సన్నటి ధూళి (పీఎం 2.5) ఎంతో పరికరం లెక్క కడుతుంది. రోజు సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 15 మాత్రమే.

హైదరాబాద్‌లో ఇలాంటి సెన్సర్లతో కొలిచే పని జరిగింది కూడా. ట్రిపుల్ ఐటీలో ప్రొఫెసర్ సచిన్ చౌదరి బృందం ముందు తమ క్యాంపస్‌లోనే తొమ్మిది పరికరాలు పెట్టి ఐదు నెలలకు పైగా కొలిచింది. తర్వాత గచ్చిబౌలి ప్రాంతంలో నాలుగు చదరపు కిలోమీటర్లకు 49 అమర్చింది. అంత చిన్న చోటికి అన్ని ఎందుకంటే, గాలి వీధి వీధికీ మారుతుంది కాబట్టి. నగరం పడమటి అంచున చేసిన ఆ పని తూర్పు అంచుకూ రావాలి.

అమెరికాలో ఉన్న తెలుగువారికి, ఇలాంటి సెన్సర్ల అంకెలను మ్యాపులో చూపే పర్పుల్‌ఎయిర్ పేరు పరిచయమే. 2015లో యూటాలో ఒక వ్యక్తి ఇంటి దగ్గరి కంకర గనుల దుమ్ము కొలవాలని మొదలుపెట్టిన పని అది. 2020లో కాలిఫోర్నియా అడవులు తగలబడి ఆకాశం నారింజ రంగుకు తిరిగినప్పుడు, కిటికీ తెరవాలా వద్దా అని జనం చూసుకున్నది ఆ మ్యాపులోనే.

అయితే ఈ పరికరాలను గుడ్డిగా నమ్మకూడదు. గాలిలో తేమ పెరిగితే కణాలు ఉబ్బి అంకె ఎక్కువ చూపిస్తుంది. వానాకాలంలో, మంచు పట్టిన డిసెంబరు తెల్లవారుజామున ఇది మరీ ఎక్కువ. అందుకే అమెరికా పర్యావరణ సంస్థ పర్పుల్‌ఎయిర్ అంకెల్లో తేమ ప్రభావాన్ని సవరించాకే తన పొగ మ్యాపులో చూపుతుంది.

పెద్ద అంబర్‌పేట్‌లోనో హయత్‌నగర్‌లోనో ఇల్లో, అమ్మానాన్నలో ఉన్నవారు ఒక పని చేయవచ్చు. మూడు నాలుగు సెన్సర్లు కొనిచ్చి, మొదట కొన్ని వారాలు న్యూ మలక్‌పేట కేంద్రం పక్క వీధిలో ఉంచి, రెండు అంకెలనూ పోల్చి సరిచేయించండి. తర్వాత ఒకటి రహదారి కూడలిలో, ఒకటి బడి గోడ మీద, ఒకటి కాలనీ లోపల పెట్టించండి.