ఆడి గెలిచారు, నేర్పి గెలిపించారు

మన ఊళ్లలో పిల్లలు షటిల్ ఆడతారు. బడి ఆవరణలో రెండు గుంజలు పాతుతారు. నడుమ తాడో, వలో కడతారు. అటొకరు, ఇటొకరు నిలబడి ఈకల బంతిని కొట్టుకుంటారు. ఈ ఆటనే బ్యాడ్మింటన్ అంటారు.

ఆ ఈకల బంతికి 16 ఈకలుంటాయి. తూకం 5 గ్రాములే. వల నడిమి ఎత్తు 5 అడుగులు. బంతి మన వైపు నేలను తాకకముందే అవతలికి కొట్టాలి. చూడటానికి ఇంతే. ఈ ఆటలో ప్రపంచాన్ని గెలిచిన తెలుగువారున్నారు. అలా గెలిచిన ఒకరు, తర్వాత ఇంకొందరిని గెలిపించారు. ఆయన పేరు పుల్లెల గోపీచంద్.

నాగండ్ల నుంచి ఇంగ్లండు దాకా

గోపీచంద్ 1973లో అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టారు. చిన్నప్పుడు ఆయనకు క్రికెట్ అంటే ఇష్టం. అన్నగారు షటిల్ వైపు తిప్పారు. హైదరాబాదులో ఎస్.ఎం.ఆరిఫ్ అనే గురువు దగ్గర ఆట నేర్చుకున్నారు. తర్వాత బెంగళూరులో ప్రకాశ్ పదుకోనే దగ్గర నేర్చుకున్నారు.

1994లో పుణెలో ఆడుతుండగా ఆయన మోకాలు దెబ్బతింది. ఆపరేషన్లు జరిగాయి. షటిల్ ఆటకు కాళ్లే ప్రాణం. ముందుకు ఉరకాలి, వెనక్కి ఉరకాలి, ఎగరాలి. మోకాలు పోతే ఆట పోయినట్టే. కానీ ఆయన ఆట మానలేదు. మళ్లీ నడక నుంచి మొదలుపెట్టారు. 1996 నుంచి 2000 దాకా వరుసగా ఐదేళ్లు దేశంలో మొదటివాడిగా నిలిచారు.

2001 మార్చిలో ఇంగ్లండులో ఆల్ ఇంగ్లండ్ పోటీలు జరిగాయి. షటిల్ ఆటలో ఇవి చాలా పాత పోటీలు, చాలా పెద్ద పోటీలు. చివరి ఆటలో గోపీచంద్ చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను ఓడించారు. అంతకుముందు మన దేశంలో ఈ పోటీ గెలిచింది ఒక్కరే. ఆయన గురువు ప్రకాశ్ పదుకోనే, 1980లో.

గెలిచాక ఒక కూల్‌డ్రింకు కంపెనీ వచ్చింది. మా ప్రకటనలో కనిపించండి, డబ్బులిస్తామంది. ఆయన వద్దన్నారు. తాను తాగనిదాన్ని పిల్లలను తాగమని ఎలా చెప్పేదన్నారు.

ఇల్లు తాకట్టు

ఆట నుంచి తప్పుకున్నాక గోపీచంద్ ఊరికే కూర్చోలేదు. పిల్లలకు ఆట నేర్పాలనుకున్నారు. 2003లో ప్రభుత్వం హైదరాబాదు గచ్చిబౌలిలో 5 ఎకరాలు లీజుకిచ్చింది. స్థలముంటే చాలదు కదా. కట్టడానికి కోట్లు కావాలి. నిమ్మగడ్డ ప్రసాద్ అనే వ్యాపారవేత్త రూ.5 కోట్లు ఇచ్చారు. అదీ చాలలేదు. గోపీచంద్ తన ఇల్లు తాకట్టు పెట్టారు.

ఇల్లు తాకట్టు అంటే ఏమిటో మనకు తెలుసు. అప్పు తీరకపోతే నిలువనీడ పోతుంది. భార్య పి.వి.వి.లక్ష్మి కూడా షటిల్ క్రీడాకారిణే. 1996 ఒలింపిక్స్‌లో ఆడారు. 2008లో అకాడమీ మొదలైంది.

నేర్పడం వేరే విద్య

సంగటి బాగా కెలికే ఆమెను కొత్త కోడలికి నేర్పమనండి. ఒక్కోసారి చెప్పలేదు. "చూసి నేర్చుకో" అంటుంది. నూక ఎంత ఉడకాలో, పిండి ఎప్పుడు వెయ్యాలో విడమరిచి చెప్పడం వేరే పని. ఆటలో కూడా అంతే. బాగా ఆడేవారంతా బాగా నేర్పలేరు.

ఆట నేర్పేవారిని కోచ్ అంటారు. కోచ్ పొద్దు పొడవకముందే లేవాలి. ఎవరు ఏం తింటున్నారు, ఎంతసేపు నిద్రపోతున్నారు అన్నీ చూడాలి. ఎదుటి ఆటగాళ్ల బలమేదో, లోపమేదో కనిపెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం ఒకటుంది. ఏ పిల్లకు ఏది కొరతో పసిగట్టాలి.

పి.వి.సింధు పొడగరి. గట్టిగా కొడుతుంది. కానీ ఆటలో నోరెత్తేది కాదు. ఎదుటివాళ్లు కేకలేస్తే తగ్గిపోయేది. గోపీచంద్ ఆమెను కోర్టు నడుమ నిలబెట్టారు. చుట్టూ అందరూ చూస్తున్నారు. గట్టిగా అరిస్తేనే రాకెట్టు పట్టుకోవాలన్నారు. సింధుకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. చివరికి అరిచింది. "ఆడపిల్ల నోరు మెదపకూడదు" అని మనం నేర్పుతాం. ఆయన నోరు విప్పడం నేర్పారు.

2016లో రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలు సింధు ఫోను తీసిపెట్టారు. సింధు ఆ పోటీల్లో వెండి పతకం తెచ్చింది. మన దేశ మహిళల్లో ఒలింపిక్ వెండి పతకం తెచ్చింది సింధే మొదట. అంతకుముందు 2012లో లండన్‌లో సైనా నెహ్వాల్ కంచు పతకం తెచ్చింది. ఆమె కూడా గోపీచంద్ శిష్యురాలే. గుంటూరు అబ్బాయి కిదాంబి శ్రీకాంత్ 2018లో ప్రపంచంలో మొదటి స్థానానికి చేరాడు.

అమ్మానాన్నలకు ఒక మాట

ఇదంతా చదివి పిల్లలను బడి మాన్పించి ఆటకు పంపాలా? వద్దు. 2025లో గోపీచంద్ స్వయంగా ఒక కఠినమైన మాట చెప్పారు. ఇంట్లో డబ్బున్నవారు తప్ప, ఆటనే బతుకుతెరువుగా నమ్ముకోవద్దన్నారు. పైకి వచ్చేది ఏ కొందరో. మిగిలినవారు ఏళ్ల తరబడి ఆడి, చదువూ ఉద్యోగమూ లేక మిగిలిపోతారు. పతకం వచ్చినవారి ఫోటో మనకు కనబడుతుంది. రానివారి బాధ కనబడదు. కోచ్‌కు రెండూ తెలుసు. అందుకే అలా అన్నారు.

అట్లని ఆట మాన్పించనక్కర్లేదు. ఆడితే ఒంటికి బలం. ఓడినా మళ్లీ లేచే ధైర్యం వస్తుంది. మనకు దగ్గర్లోని యర్రావారిపాలెం మండలం యనమలవారిపల్లె అమ్మాయి రజని భారత మహిళల హాకీ జట్టుకు గోల్‌కీపర్ అయ్యింది. పల్లెలో పుట్టిన ఆడపిల్లకు ఆట రాదని ఎవరూ అనలేరు.

చదువు ఒక చేత్తో, ఆట ఒక చేత్తో పట్టుకోనివ్వాలి. సాయంత్రం కొడుకు ఆటకు పోతాడు. కూతురు బిందె పట్టుకుంటుంది. ఆ బిందె ఒక రోజు అతను, ఒక రోజు ఆమె పట్టుకుంటే ఇద్దరికీ ఆట దొరుకుతుంది.

మాట్లాడుకోండి:
1. మీ ఊరి బడిలో ఆడపిల్లలు ఏ ఆటలు ఆడుతున్నారు?
2. మీకు బాగా వచ్చిన పని ఏది? దాన్ని ఎవరికి నేర్పారు?