పాలు: మాట వెనుక మనుషులు

పదచరిత్ర పండితుల కాలక్షేపమనే అభిప్రాయం మన రచయితల్లో కొందరికి ఉంది. ఒక మాట వెనుక మనుషుల శ్రమ, చూపు ఎలా దాగి ఉంటాయో తెలియడానికి ‘పాలు’ ఒక్కటి చాలు.

ఇంగ్లీషు మిల్క్, జర్మన్ మిల్ష్, డచ్చి మెల్క్, గోథిక్ మిలుక్స్ ఒక తల్లి పిల్లలు. పిదకడమనే అర్థంగల ఇండో-యూరోపియన్ ధాతువు వీటికి మూలం. గ్రీకు అమెల్గో, లాటిన్ ముల్గియో అనే క్రియలు అందులోవే. సంస్కృత దుగ్ధం వేరే ధాతువు నుంచి పుట్టినా అర్థం అదే: పిదకబడినది. అరకులోయలో తెగల మధ్య ఉమ్మడి వ్యవహారానికి వాడే ఆదివాసీ ఒరియాలోని ‘దుద్’ దాని సంతతే.

ద్రావిడ భాషల దారి వేరు. తమిళ మలయాళాల్లో, గోండీలో పాల్, కన్నడంలో పకారం హకారమై హాలు, పర్జీలో పేల్, ఎక్కడో బెలూచిస్తాన్‌లోని బ్రాహుయీలో పాల్హ్. అరకు కొండల్లోని కొండ భాషలోనూ పాల్. ఈ మాటలో పిదికే చెయ్యి కనిపించదు. పొదుగులో ఊరేదీ పాలే, జిల్లేడు తుంచితే కారేదీ పాలే, గింజ గట్టిపడకముందు కంకిలో నిండేదీ పాలే.

ఈ కొండల్లోని పలు తెగలు సంప్రదాయంగా ఆవును పిదకలేదు. పాలు దూడవేనని వదిలేశాయి. అందువల్లనే మాట ఇలా ఏర్పడిందనరాదు. పిదికే తమిళులదీ అదే మాట. కాని పిదకకపోవడం ఒక జీవన విధానం. దాన్ని అజ్ఞానమని రాయడం మన అజ్ఞానం.

‘కొండవాళ్ళు మన పాలును విరిచి పాల్ అంటున్నారు’ అని విద్యార్థులు తరచు అంటారు. జరిగింది తారుమారు. మూలరూపం హలంతం; చివరి ఉకారం తెలుగు చేర్చుకున్నది. దానితో ధాతువులోని లకారమే బహువచన ప్రత్యయంలా తోచి ‘పాలు పొంగాయి’ అంటున్నాము. భద్రిరాజు కృష్ణమూర్తి కొండ భాషపై 1969లో ప్రచురించిన గ్రంథం చదివితే, అది తెలుగుకు యాస కాదనీ, సోదర భాష అనీ తెలుస్తుంది.

రచయితలకు దీనితో పనేమిటి? గిరిజన పాత్రచేత వచ్చీరాని తెలుగు పలికించి, అదే వాళ్ళ భాష అని నమ్మించే కథలు మనకున్నాయి. ఆ పాత్ర ఇంట్లో మాట్లాడేది వేరు. దానికి వ్యాకరణం ఉంది, మన మాటలంత పాతవైన మాటలున్నాయి. ఇది తెలియని రచయిత సానుభూతి జాలి దగ్గరే ఆగిపోతుంది. జాలి ఎన్నడూ సమానత్వం కాదు.