పాత జీపు చట్రమున తుప్పు తినిన బోల్టు రంధ్రములు: వానిని బాగుచేయు విధము

మన పల్లెలలో పాత జీపులు నేటికిని అక్కడక్కడ పనిచేయుచున్నవి. 1945లో యుద్ధము ముగిసిన పిమ్మట, ఆ దశాబ్దపు చివరి యేండ్లలో మహీంద్రా కంపెనీవారు బొంబాయియందు విల్లీసు జీపులను కూర్చుట ప్రారంభించిరి. ఆ బండ్లును, తరువాత ఆ అచ్చుననే వచ్చినవియు విత్తనములను, ఎరువులను మోసి రైతునకు మిక్కిలి యుపకరించినవి. ఇంజను చెడినను మార్చుకొనవచ్చును గాని, చట్రము చెడిన బండి పాత యినుము వర్తకుని కొట్టునకే పోవును. చట్రమునకు చేటు తరచుగా బోల్టు రంధ్రములయొద్ద మొదలగును గావున, వానినిగూర్చి సభ్యులు తెలిసికొనుట మంచిది.

కారణము

జీపు చట్రము నిచ్చెనవంటిది. పొడవైన రెండు కమ్ములును, వానిని కలుపు అడ్డకమ్ములును ఉండును. బండి తొట్టి ఈ చట్రముపై రబ్బరు బిళ్లల మీద ఆని, బోల్టులచే బిగింపబడియుండును. బిళ్లల క్రింద బురదయు తేమయు నిలుచును. కుదుపులకు రంగు అరిగి వట్టి యినుము బయటపడును. ఇనుమునకు నీరును, గాలిలోని ప్రాణవాయువును తగిలినప్పుడు తుప్పు పుట్టును. అది తాను తినిన యినుముకంటె రెండింతలకు మించిన చోటు నాక్రమించును గనుక, పొరలుపొరలుగా ఉబ్బి రాలిపోవును. పొటాషువంటి ఉప్పుజాతి యెరువులును, సముద్రపు గాలియు ఈ పనిని త్వరపెట్టును.

దీనివలని అపాయము

చుట్టునున్న యినుము చెడినప్పుడు పెద్ద వాషరు వేసి బిగించుట, లప్పము పూసి రంగు వేయుట, తుప్పు మీదనే పలుచని రేకు అతికించుట పలుచోట్ల చూచుచున్నాము. ఇవి చేటును కప్పునవే గాని పోగొట్టునవి కావు. పాత జీపులలో బ్రేకు పెడలు అడుగు రేకులోని కంత గుండా పైకి వచ్చును. తొట్టి క్రుంగినచో పెడలు ఆ కంత అంచునకు ఒరసికొనవచ్చును. స్టీరింగు కడ్డీయు బిగిసికొనవచ్చును. అట్టి బండిలో బిడ్డలను ఎక్కించుకొని సంతకు పోవుట తగునా?

పరీక్ష

చట్రమును కడిగి, ఆరిన పిదప చిన్న సుత్తితో రంధ్రము చుట్టును కొట్టి చూడుడు. మంచి యినుము ఖంగున మ్రోగును. చెడినది మందముగా పలుకును. స్క్రూడ్రైవరు మొనతో పొడిచినచో పుచ్చినచోట దిగబడును.

పనికి ముందు

బ్యాటరీ తీగెలను తీసివేయుడు. పెట్రోలు ట్యాంకును విప్పి దూరముగా పెట్టుడు. బండిని జాకీపై మాత్రమే నిలిపి క్రిందికి దూరరాదు. గట్టి దిమ్మెలు పెట్టవలెను. ఇసుక బకెట్టు దగ్గర నుంచుకొనుడు.

కోయుటకు ముందే కొలత తీసికొనుడు. చెడని చోట మూడు గుర్తులు పొడిచి, వానినుండి రంధ్రపు నడిమికి దూరములు వ్రాసికొనుడు. దళసరి కాగితముపై అచ్చు కూడ తీయుడు. కోసిన పిమ్మట రంధ్రమెచ్చట నుండెనో చెప్పగలవాడుండడు. తుప్పుపట్టిన బోల్టునకు ముందునాటి రాత్రియే పలుచని నూనె పోసి నాననిచ్చినచో మరునాడు సులువుగా వచ్చును.

బాగుచేయు విధము

రంధ్రము సాగి, చుట్టు యినుము గట్టిగా నున్నచో, క్రింద రాగి పలకను ఆనించి వెల్డింగుతో రంధ్రమును పూడ్చవచ్చును. రాగి వేడిని త్వరగా లాగికొనును గనుక అతుకు దానికి అంటుకొనదు. పిమ్మట గ్రైండరుతో సమముచేసి క్రొత్త రంధ్రము తొలువవలెను.

చుట్టు యినుము పలుచబడినచో, మెరయు మంచి లోహము వచ్చువరకు కోసివేయుడు. అచటి మందమే గల మెత్తని ఉక్కు ముక్కను, మూలలు గుండ్రముగా కోసి, సరిగా అమర్చుడు. మొదట నాలుగు వైపుల చుక్కలు పెట్టి, తరువాత ఒక అంగుళము ఇటు, ఒక అంగుళము ఎదుట, ఇట్లు ఆగి ఆగి అతుకవలెను. ఏకధాటిగా అతికినచో వేడికి కమ్మి వంకరపోవును. నీరు పోసి చల్లార్చరాదు. జింకు పూతగల ఉక్కును పూత తీయక వెల్డింగు చేయరాదు. ఆ పొగ జ్వరము తెచ్చును.

కొలతల ప్రకారము గుర్తుపెట్టి, పంచితో పొడిచి, ముందు సన్నని డ్రిల్లుతోను, క్రమముగా లావుదానితోను తొలువుడు. నాలుగు వైపుల మూసిన కమ్మియందు బోల్టు ఇరుప్రక్కల గుండా పోవునేని, నడుమ గొట్టపు ముక్క నమర్చుడు. లేనిచో బిగించినప్పుడు కమ్మి నొక్కుకొనిపోవును.

చివరకు లోపలను వెలుపలను తుప్పు నివారించు రంగు పూసి, ఆరిన పిదప రబ్బరు బిళ్లలు క్రొత్తవి వేయుడు. నీరు కారు కంతలను మూయరాదు.

హెచ్చరిక

స్ప్రింగు కమాను, స్టీరింగు పెట్టె బిగింపబడుచోట్ల చేటు కనబడినచో అనుభవజ్ఞుడగు వెల్డరుకే ఆ పని నప్పగింపవలెను. కమ్మియే వంగినను, మూడు నాలుగు చోట్ల పుచ్చినను, అతుకులపై ధనము వెచ్చించుటకంటె ఆ భాగమునంతయు మార్చుట మేలు.

తొలకరికి ముందు ఒక పూట దీనికై కేటాయించుడు. ఎరువు మోసిన ప్రతి దినము సాయంకాలము చట్రమును మంచినీటితో కడిగినచో, ఈ శ్రమ చాలవరకు తప్పును.