కొండవారి విద్యకు వెల యెంత?

అడవిలో మొలచిన మొక్క దైవదత్తమని మన మందుము. మొక్క దైవదత్తమే కావచ్చును. దాని గుణ మెరుగుట మాత్రము మనుష్యార్జితము. ఏ యాకు ఏ రుగ్మతకు మందో, ఏ వేరు ప్రాణహారియో కొండవారు తరతరములుగా కష్టనష్టముల కోర్చి తెలిసికొనిరి. ఆ యెరుకకు వెల గట్టవలసి వచ్చినపుడు లోకమెట్లు ప్రవర్తించునో తెలుపు వృత్తాంత మొకటి కేరళదేశమున జరిగినది.

1987వ సంవత్సరమున శాస్త్రజ్ఞుల బృంద మొకటి తిరువనంతపురము జిల్లాలోని అగస్త్యపర్వతారణ్యములలో సంచరించుచుండెను. దారి చూపుటకు కాణి తెగవారు వెంట నుండిరి. కొండ లెక్కి యెక్కి శాస్త్రజ్ఞులు డస్సిపోయిరి. కాణులు మాత్రము ఏవో చిన్న కాయలను నములుచు చులుకగా నడచుచుండిరి. అవి యేమని యడుగగా, తెగ రహస్యమని మొదట చెప్ప నిరాకరించిరి. బ్రతిమాలిన పిమ్మట ‘ఆరోగ్యపచ్చ’ యను మొక్కను చూపిరి.

పాలోడులోని వృక్షోద్యాన పరిశోధనాలయమువారు దానిని పరీక్షించి, మరి మూడు మూలికలను జేర్చి ‘జీవని’ యను ఔషధమును సిద్ధపరచిరి. 1995లో దాని తయారీహక్కును 7 సంవత్సరములకు కోయంబత్తూరులోని యొక ఆయుర్వేద సంస్థ కొసగిరి. ప్రతిఫలము 10 లక్షల రూపాయలు, విక్రయములపై నూటికి 2 వంతులు. అందు సగము కాణులకు చెందవలెనని నిర్ణయించిరి. 1997లో కాణులే సభ్యులుగా నొక ధర్మనిధి యేర్పడెను.

ఇది శ్లాఘనీయమే. కాని, ‘ప్లాతి’ యనబడు కాణివైద్యులలో కొందరు తమ విద్యను విక్రయించుట తగదని ఆక్షేపించిరి. ఆ మొక్కను పెంచి ఆకు నమ్ముకొందమన్నను, అడవిలోని మొక్క తరుగునని అటవీశాఖవా రడ్డుపడిరి. విద్య కాణులది, వనము సర్కారుది, తయారీహక్కు వేరొకరిది!

మన తూర్పుకనుమల సంగతి యేమి? నల్లమల చెంచులును, విశాఖమన్యపు గిరిజనులును తెచ్చు కరక్కాయకు సంతలో తూకము గలదు. దాని గుణ మెరిగిన బుద్ధికి తూకము లేదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రతి స్థానికసంస్థయందును సంఘ మేర్పరచి ఇట్టి యెరుకను పట్టికకెక్కింపు మనుచున్నది. 2006 నాటి అటవీహక్కుల చట్టము సంప్రదాయవిజ్ఞానముపై అడవిబిడ్డలకు సామూహిక హక్కున్నదని యొప్పుకొన్నది. చట్టము కాగితముపై నున్నంతమాత్రమున కొండకు చేరదు. పట్టికలు వ్రాయించు పెద్దలకు మేము విన్నవించున దొక్కటే: ముందు కొండవారి సమ్మతి నడుగుడు, పిదప కలము పట్టుడు. సెంటు నేలకైనను పట్టా కోరు మనము, తరతరముల విద్యకు పట్టా యెక్కడిదని కొండవారి నడుగుట న్యాయమా?