క్రికెట్ వ్యాఖ్యాతలపై ప్రేక్షకుల తీర్పు

టెలివిజన్ క్రికెట్ వ్యాఖ్యాతలను ప్రేక్షకులు ప్రధానముగా రెండు గుణాలను బట్టి అంచనా వేస్తారు. మొదటిది నిష్పాక్షికత, అనగా ఇరు జట్లనూ ఒకే దృష్టితో చూడడము. రెండవది విశ్లేషణ, అనగా తెరపై కనబడేదానికి మించి ఆటను గురించి తెలియజెప్పడము. ఇవి వేర్వేరు గుణాలైనా అభిమానుల ఫిర్యాదులలో తరచు కలిసిపోతుంటాయి. హైదరాబాదులో పుట్టిన ప్రసిద్ధ వ్యాఖ్యాత హర్ష భోగ్లే వృత్తిజీవితములో ఈ రెండు విషయాలపైనా వివాదాలు తలెత్తాయి.

హర్ష భోగ్లే

భోగ్లే 1961 జూలై 19న హైదరాబాదులోని ఒక మరాఠీ కుటుంబములో జన్మించాడు. ఎర్రమంజిల్, పంజాగుట్టలకు కొద్ది దూరములో, బేగంపేటలో ఉన్న హైదరాబాదు పబ్లిక్ స్కూలులో చదివాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయములో కెమికల్ ఇంజనీరింగు, అహ్మదాబాదు ఐ.ఐ.ఎం.లో మేనేజిమెంటు అభ్యసించాడు. 19 ఏళ్ళ వయసులో ఆకాశవాణిలో వ్యాఖ్యానము ప్రారంభించాడు. 1991-92లో భారత జట్టు ఆస్ట్రేలియాలో పర్యటించినప్పుడు అక్కడి ఏబీసీ రేడియో ఇతనిని ఆహ్వానించినది. ఇతను ఫస్ట్‌క్లాస్ క్రికెట్ ఆడలేదు.

2016 నాటి వివాదము

2016 మార్చి 23న బెంగుళూరులో జరిగిన ట్వంటీ20 ప్రపంచ కప్ మ్యాచ్‌లో భారత్ ఒక్క పరుగు తేడాతో బంగ్లాదేశ్‌పై గెలిచినది. భారతీయ వ్యాఖ్యాత ఎప్పుడూ ఇతరులను గురించి కాక మన ఆటగాళ్ళను గురించి మాట్లాడితే బాగుంటుందని, ఎవరి పేరూ చెప్పకుండా, నటుడు అమితాబ్ బచ్చన్ ట్విట్టర్‌లో రాశాడు. జట్టు నాయకుడు మహేంద్రసింగ్ ధోని దానిని సమర్థించాడు. ఆంగ్ల ప్రసారము అనేక దేశాలకు వెళ్తుంది కనుక అందులో రెండు జట్లకూ చోటుండాలని భోగ్లే వివరణ ఇచ్చాడు. ఆ ఏప్రిల్‌లో ఐ.పి.ఎల్. వ్యాఖ్యాతల బృందము నుండి ఇతనిని తప్పించారు. కారణము తనకు ఎవరూ చెప్పలేదని ఇతను తెలిపాడు. తరువాతి కాలములో మళ్ళీ భారత మ్యాచ్‌ల వ్యాఖ్యానానికి తిరిగి వచ్చాడు.

ఈ వివాదములోని విశేషమేమనగా, ఇందులో అభ్యంతరము పక్షపాతముపై కాదు, పక్షపాతము చాలకపోవడముపై.

ఆడినవారు, ఆడనివారు

విశ్లేషణకు స్వయముగా ఆడిన అనుభవము తప్పనిసరి అని కొందరు భావిస్తారు. 2019 నవంబరులో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో భారతదేశపు తొలి డే-నైట్ టెస్టు జరిగినది. గులాబీ బంతి ఆటగాళ్ళకు ఎలా కనబడుతున్నదో వారినే అడగాలని భోగ్లే అన్నాడు. అలా అడగవలసిన అవసరము భోగ్లేకే గాని ఆడినవారికి ఉండదని తోటి వ్యాఖ్యాత, మాజీ ఆటగాడు సంజయ్ మంజ్రేకర్ బదులిచ్చాడు. ఆడిన అనుభవము నేర్చుకోవడానికి హద్దు కారాదని భోగ్లే వాదించాడు. ప్రేక్షకులలో పలువురు భోగ్లే పక్షము వహించారు. తాను అలా మాట్లాడడము తప్పని మంజ్రేకర్ తరువాత ఒప్పుకున్నాడు.

విశ్లేషణను ఆటే పరీక్షిస్తుంది. 2019 ప్రపంచ కప్ సమయములో మంజ్రేకర్ రవీంద్ర జడేజాను బ్యాటింగు, బౌలింగు రెండూ కొద్దికొద్దిగా చేసే ఆటగాడని తేలికపరచాడు. సెమీఫైనల్లో న్యూజీలాండ్‌పై జడేజా 59 బంతులలో 77 పరుగులు చేశాడు. తన అంచనా దెబ్బతిన్నదని మంజ్రేకర్ అంగీకరించాడు.

చూసేవారి పక్షపాతము

నిష్పాక్షికతకు ఇటువంటి పరీక్ష లేదు, ఎందుకనగా కొలిచే అభిమాని కూడా ఒక పక్షమువాడే. 1951లో అమెరికాలో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ కళాశాలల మధ్య మొరటుగా సాగిన ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగినది. ఆల్బర్ట్ హాస్టార్ఫ్, హాడ్లీ కాంట్రిల్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు దాని ఫిల్మును రెండు కళాశాలల విద్యార్థులకూ చూపారు. డార్ట్‌మత్ జట్టు చేసిన తప్పులు డార్ట్‌మత్ విద్యార్థులకు కనబడినవాటికంటే రెట్టింపుకు పైగా ప్రిన్స్‌టన్ విద్యార్థులకు కనబడ్డాయి. 1954లో ప్రచురితమైన ఈ అధ్యయనము ప్రసిద్ధి చెందినది. ఒకే వ్యాఖ్యాతను ఇరుపక్షాల అభిమానులూ ఎదుటివారి మనిషిగా భావించడానికి కారణము దీనివలన అర్థమవుతుంది.

నియంత్రణ

స్వదేశీ మ్యాచ్‌ల వ్యాఖ్యాతలను క్రికెట్ బోర్డే నియమించినప్పుడు సందేహము బోర్డు మీదికి కూడా మళ్ళుతుంది. జట్టు ఎంపిక, బోర్డు పాలన, డి.ఆర్.ఎస్. వంటి విషయాలు మాట్లాడరాదన్న షరతుల కారణముగా 2013లో ఆస్ట్రేలియా మాజీ కెప్టెన్ ఇయాన్ చాపెల్ భారత్‌లో వ్యాఖ్యానానికి ఒప్పుకోలేదు. ఇటువంటి చోట వ్యాఖ్యాత చెప్పిన మాటలనే కాక, చెప్పకుండా విడిచినవాటిని కూడా ప్రేక్షకులు లెక్కలోకి తీసుకుంటారు.

తెలుగు వ్యాఖ్యానము

2018 డిసెంబరులో స్టార్ స్పోర్ట్స్ 1 తెలుగు ఛానెల్ ప్రారంభమైనది. వెంకటపతి రాజు, ఎమ్మెస్కే ప్రసాద్, వేణుగోపాలరావు వంటి మాజీ ఆటగాళ్ళు తెలుగులో వ్యాఖ్యానము చేశారు. ప్రాంతీయ భాషా ప్రసారము ప్రధానముగా స్వపక్ష ప్రేక్షకులకు ఉద్దేశించినది కావున, ఆంగ్ల ప్రసారములో దోషముగా ఎంచే అభిమానము ఇక్కడ సహజమనిపిస్తుంది. అయినను, సొంత జట్టు వదిలిన క్యాచ్‌ను, ఎదుటి జట్టు వదిలిన క్యాచ్‌ను ఒకే మాటతో వర్ణించే వ్యాఖ్యాత ఏ భాషలోనైనా నమ్మకము సంపాదించుకుంటాడు.